పూలలోయకు ఏ ఋతువు మేలు?

అల్లసాని పెద్దన మనుచరిత్రలో ప్రవరుడు సిద్ధుడిచ్చిన పాదలేపం మహిమతో హిమాలయం చేరుకున్నాడు. అక్కడి సొగసులు చూస్తూ తిరుగుతుండగా మంచు తగిలి లేపం కరిగిపోయింది. ఇల్లు చేరే దారి మూసుకుపోయింది. వెళ్ళడమే తప్ప తిరిగి రావడం గురించి ఆలోచించని యాత్రికునికి హిమాలయం నేటికీ ఆ పాఠమే చెబుతుంది. గఢ్వాల్ కొండల్లోని పూలలోయకు బయలుదేరేవారు దీనిని మరీ గుర్తుంచుకోవాలి.

ఉత్తరాఖండ్‌లోని చమోలీ జిల్లాలో, బదరీనాథ్ మార్గానికి తూర్పున, పుష్పావతి నదికి ఇరువైపులా ఈ లోయ పరచుకొని ఉంది. 1982లో ఇది జాతీయోద్యానమయింది. 2005లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది. ఋషీకేశం నుంచి జోషీమఠ్ మీదుగా గోవింద్‌ఘాట్ దాకా బస్సు దారి ఉంది. అక్కడికి కొద్ది దూరంలోని పుల్నా వరకు చిన్న వాహనాలు పోతాయి. ఆపైన ఘాంఘరియాకు సుమారు పది కిలోమీటర్లు కాలినడకనో, కంచరగాడిద మీదనో పోవాలి. లోయలో రాత్రి బస నిషిద్ధం. ఘాంఘరియాలో దిగి, ఉదయం లోయలోకి వెళ్ళి, పొద్దు వాలేలోగా తిరిగి రావాలి. సాధారణంగా జూన్ 1 నుంచి అక్టోబరు 31 వరకే ప్రవేశం.

ఆ అయిదు నెలలూ ఒక్క తీరుగా ఉండవు. శీతకాలమంతా మంచు కింద అణగి ఉన్న మొక్కకు మొలకెత్తి, పూచి, గింజ రాల్చడానికి మిగిలేది మూడు నాలుగు నెలలే. అందుకే ఇక్కడి పూలు వంతులు వేసుకున్నట్టు ఒక జాతి తరువాత మరొక జాతిగా విచ్చుకుంటాయి.

జూన్‌లో వెళ్ళినవారికి ఎక్కువగా కనిపించేది మంచే. కరుగుతున్న మంచు అంచుల వెంబడి ప్రిములా వంటి తొలి పూలు తలలెత్తుతాయి. పూల తివాచీని ఊహించుకొని వచ్చినవారికి ఆశాభంగం తప్పదు.

జూలై నడుమ నుంచి ఆగస్టు నడుమ దాకా, అంటే ఇంచుమించు మన ఆషాఢ శ్రావణాలలో, లోయ నిండు యౌవనంలో ఉంటుంది. నీలి పాపీలు, జెరేనియంలు, గులాబీ వన్నె బాల్సమ్ పూలు వాలులన్నీ కప్పివేస్తాయి. 1931లో కామెట్ శిఖరం అధిరోహించి తిరిగి వస్తున్న ఫ్రాంక్ స్మైత్ బృందం భ్యూందార్ కనుమ దాటి ఈ లోయలో అడుగుపెట్టింది కూడా జూలైలోనే. 1937లో ఆయన మళ్ళీ వచ్చి మొక్కలనూ విత్తనాలనూ సేకరించాడు. మరుసటి ఏడు వెలువడిన ఆయన గ్రంథం లోయ పేరును లోకానికి చాటింది.

అయితే పూలను పూయించే వానే కొండచరియలనూ విరుచుకుపడేలా చేస్తుంది. ఈ నెలల్లో బదరీనాథ్ రహదారి గంటల తరబడి, ఒక్కొక్కప్పుడు రోజుల తరబడి మూతపడుతుంది. 2013 జూన్ వరదలు గోవింద్‌ఘాట్ వంతెననూ, ఘాంఘరియా దారిలో చాలా భాగాన్నీ తుడిచిపెట్టాయి. లోయలో ఒక సమాధి కూడా ఉంది. మొక్కల సేకరణకు వచ్చి, 1939 జూలైలో రాతి వాలు మీద కాలుజారి మరణించిన ఆంగ్ల వనిత జోన్ మార్గరెట్ లెగ్గీ అక్కడే శాశ్వతంగా విశ్రమించింది. తడిసిన బండను తేలికగా తీసుకోరాదని ఆ రాయి మౌనంగా హెచ్చరిస్తుంది.

సెప్టెంబరులో వానలు వెనుదీస్తాయి. ఆకాశం తేటబడి, మబ్బుల చాటున దాగిన శిఖరాలు దర్శనమిస్తాయి. పూలు పలచబడి, ఆకులు రాగి వన్నెకు తిరుగుతాయి. నెల మొదట్లో వచ్చినవారికి, ఘాంఘరియా నుంచే దారి చీలే హేమకుండ్ సరస్సు పరిసరాలలో బ్రహ్మకమలం కూడా కనిపించవచ్చు. రాత్రుల చలి మాత్రం రోజురోజుకూ ముదురుతుంది.

కనుక ఏ ఋతువు మేలన్న ప్రశ్నకు ముందు, ఏమి చూడాలని వెళ్తున్నారన్న ప్రశ్న వేసుకోవాలి. శిఖరాలు చూడాలనుకునేవారికీ, వానదారి కష్టమనిపించే పెద్దలకూ సెప్టెంబరు తొలి పక్షం మేలు. పూలకోసమే వెళ్ళేవారు శ్రావణపు వానను కూడా అంగీకరించి బయలుదేరాలి. సెలవులో రెండు మూడు రోజులు దారి మూతకని విడిగా ఉంచుకోవాలి. తిరుగు రైలు టిక్కెట్టు ఆ లెక్కతోనే కొనాలి. రాత్రిపూట కొండదారి ప్రయాణం పెట్టుకోరాదు. అంత వ్యవధి లేనివారు యాత్రను మరుసటి ఏటికి వాయిదా వేసుకోవడమే వివేకం. మంచు కరిగితే పూలు మళ్ళీ పూస్తాయి.