రెండో ఆదివారం

తిరుపతికి కొత్తవాళ్లు కొత్త కాదు. 1985లో మొదలైన నిత్యాన్నదానం కొండమీద ఎవరు, ఏమిటని అడగకుండానే అన్నం పెడుతోంది. అయితే యాత్రికుడు దర్శనం చేసుకుని మర్నాడు బండెక్కుతాడు. ఇక్కడే ఉండటానికి వచ్చేవాళ్ల సంగతి వేరు. యూనివర్సిటీలో చదివే పిల్లలు, రుయా, స్విమ్స్‌ ఆస్పత్రుల్లో పనిచేసే నర్సులు, బదిలీ మీద వచ్చే ఉద్యోగులు... వీళ్లలో క్రైస్తవులు ఆదివారం పొద్దున వెతుక్కునేది ఒక చర్చిని.

మాది కర్నూలు వైపు. ఉద్యోగం కోసం ఈ ఊరొచ్చిన కొత్తలో ఒక చర్చికి వెళ్లాను. కొత్తవాళ్లు లేచి నిలబడమన్నారు. పేరూ ఊరూ చెప్పించి చప్పట్లు కొట్టారు. రెండో ఆదివారం నుంచి నన్నెవరూ పట్టించుకోలేదు. మూడు నెలల్లో 'వందనాలు' తప్ప ఇంకో మాట వినలేదు. జ్వరమొచ్చి రెండు వారాలు వెళ్లకపోయినా ఎవరూ అడగలేదు. ఆ తర్వాత అక్కడికి వెళ్లాలనిపించలేదు.

ఇంకో చిన్న సంఘంలో ఒక అవ్వ ఉండేది. కమిటీలో లేదు, పాటలు పాడేది కాదు. తలుపు పక్క చాప మీద కూర్చుని వచ్చేవాళ్లను చూసేది. రెండో వారం నన్ను ఆపి, "పోయిన వారం గూడా వచ్చినావు కదమ్మా, యాడుంటా వుండావు? ఒక్కదానివే వండుకుంటావా?" అంది. ఆ బుధవారం ఊరిబిండి గిన్నెతో మా గదికి వచ్చింది.

ఒకసారి నర్సింగ్‌ చదివే అమ్మాయి రెండు వారాలు కనబడలేదు. అవ్వ నన్ను వెంటబెట్టుకుని హాస్టలుకు వెళ్లింది. ఆ పిల్లకు తండ్రి పోయాడు. కర్మకాండలు ముగించుకుని వచ్చి, చదువు మానేద్దామని పెట్టె సర్దుకుంటోంది. అవ్వ బోధలేమీ చేయలేదు. పక్కన కూర్చుని తెచ్చిన అన్నం కలిపి పెట్టింది. ఆ సాయంత్రం ఆ పిల్ల పెట్టె విప్పింది. కోర్సు పూర్తిచేసింది కూడా.

బంగారు ఉంగరంతో వచ్చినవాడికి మంచి చోటు, పేదవాడికి కాళ్ల దగ్గర చోటు ఇవ్వడం తప్పని బైబిల్లో యాకోబు పత్రిక రెండో అధ్యాయం హెచ్చరిస్తుంది. ప్రతి సంఘమూ ఆ మాట వింటుంది. అయినా కారు దిగినవారికి ముందు కుర్చీ దొరుకుతూనే ఉంది. ఇంకొందరు పలకరిస్తారు కానీ, ఊరి పేరుతో మొదలుపెట్టి జీతం, కులం దాకా లాగుతారు. అది పలకరింపు కాదు, విచారణ.

స్వాగతం మైకులో చెప్పేయొచ్చు. మనిషిని గుర్తుపెట్టుకోవడానికి మాత్రం ఎవరో ఒకరు కళ్లు తెరిచి కూర్చోవాలి. అందుకు పదవి అక్కర్లేదు, చందా అక్కర్లేదు.

ఈ ఆదివారం ఆరాధన అయ్యాక వెంటనే చెప్పులు వెతుక్కోకండి. ఒంటరిగా నిలబడినవారి పేరడగండి. వచ్చే ఆదివారం ఆ పేరుతో పిలవండి. వాళ్లు రాకపోతే, ఎందుకు రాలేదో కనుక్కోండి.