కండరం పాఠం మొదలవ్వాల్సింది వార్డులోనే

విశాఖపట్నం మహారాణిపేటలో ఆంధ్ర మెడికల్ కాలేజీ, పక్కనే కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్). అక్కణ్నుంచి ఆంధ్రా యూనివర్సిటీకి నాలుగు కిలోమీటర్లు కూడా ఉండదు. కాలేజీ 1923 నాటిది, యూనివర్సిటీ 1926 నాటిది. ఒకచోట శ్రీకాకుళం, విజయనగరం, ఒడిశా సరిహద్దు పల్లెల నుంచి వచ్చే రోగులు. మరోచోట బయోకెమిస్ట్రీ, మానవ జన్యుశాస్త్రం చదివే విద్యార్థులు. కండరాల, నరాల జబ్బుల మీద పరిశోధనకు దిగే యువ శాస్త్రవేత్తకు తొలి శిక్షణ ఎక్కడ ఇవ్వాలన్న ప్రశ్న పెట్టుకుని ఈ రెండు ఆవరణలూ చూశాను. ల్యాబ్‌లో అన్నది సాధారణంగా వినిపించే మాట. వార్డులో అంటాను నేను.

డుషేన్ కండరక్షీణత ఉన్న పిల్లాడు మూడు నాలుగేళ్లకే తరచూ పడిపోతుంటాడు. నేల మీంచి లేవాలంటే తన మోకాళ్లు, తొడలు పట్టుకుంటూ పైకి లేస్తాడు. పిక్కలు మాత్రం లావుగా ఉండి, బలంగా ఉన్నాడనే భ్రమ కలిగిస్తాయి. దెబ్బతిన్న కండరకణాల నుంచి రక్తంలోకి చేరే ఎంజైముల్లో, లివర్ పరీక్షల్లో చూసే ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ కూడా ఉంటాయి. ఆ రెండు అంకెలే చూస్తే లివర్ జబ్బనుకుని నెలల తరబడి దానికే మందులు వాడే ప్రమాదం ఉంది. కండరంలో ఉండే క్రియాటిన్ కైనేజ్ అనే ఎంజైము పరీక్ష చేయిస్తే గుట్టు బయటపడుతుంది; వందల్లో ఉండాల్సింది వేలల్లో కనిపిస్తుంది. 1987లో బయటపడిన, డుషేన్‌లో లోపించే డిస్ట్రోఫిన్ ప్రొటీన్ గురించి ఎన్ని పేపర్లు చదివినా, ఈ పొరపాటు ఏ మెట్టు దగ్గర జరుగుతుందో చూడని పరిశోధకుడికి సరైన ప్రశ్న తట్టదు. ఆ క్రియాటిన్ కైనేజ్ పనిచేసేది ఫాస్ఫోక్రియాటిన్ మీద. దాన్ని 1927లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి వెలుగులోకి తెచ్చినవాడు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. రక్తంలో, మూత్రంలో భాస్వరాన్ని రంగును బట్టి కొలిచే పద్ధతిని వాళ్లిద్దరూ 1925లోనే ప్రకటించారు. అదే కొలతను కండరానికి వర్తింపజేశాక, శక్తికి మూలం లాక్టిక్ ఆమ్లమే అన్న అప్పటి సిద్ధాంతం కదిలింది. వైద్యానికి పనికొచ్చే కొలత మౌలిక శాస్త్రాన్నే మలుపు తిప్పింది.

తెలుగునేల మీద ప్రశ్నలకు కొదవ లేదు. మేనరికం వల్లే డుషేన్ వస్తుందని చాలామంది నమ్మకం. అది ఎక్స్ క్రోమోజోమ్ జబ్బు, మేనరికంతో దానికి సంబంధం లేదు. లింబ్ గర్డిల్ కండరక్షీణత రకాల్లో చాలావాటికి, స్పైనల్ మస్కులర్ అట్రోఫీ (ఎస్‌ఎంఏ)కి మాత్రం ఉంది. వైశ్యుల్లో బ్యుటిరిల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైము లోపం ఎక్కువ. అది ఉన్నవారికి మత్తు సమయంలో కండరాలను సడలించే స్కోలిన్ ఇస్తే, నిమిషాల్లో దిగాల్సిన కండరాల సడలింపు గంటల తరబడి ఉండి ఊపిరి అందదు. హైదరాబాద్‌లోని సెల్యులార్ అండ్ మాలిక్యులార్ బయాలజీ కేంద్రం (సీసీఎంబీ) శాస్త్రవేత్తలు పాలుపంచుకున్న 2017 నాటి జన్యు అధ్యయనం కూడా, కొన్ని సమూహాల్లో ఎక్కువగా కనిపించే ఇలాంటి జన్యులోపాలకు వైశ్యులను ఉదాహరణగా చూపింది.

హైదరాబాద్‌లో సీసీఎంబీ, నిమ్స్ ఆసుపత్రి ఉండగా విశాఖలో మళ్లీ ఎందుకని అడగవచ్చు. ఖరీదైన యంత్రాలు ఒకచోటే ఉండటం సబబే, డీఎన్‌ఏ ప్రయాణం చేయగలదు. కండరం ముక్క అలా కాదు. తీసిన కాసేపటికే, ద్రవ నైట్రోజన్‌తో చల్లార్చిన ఐసోపెంటేన్‌లో గడ్డకట్టించాలి. ఫార్మలిన్‌లో వేస్తే ఎంజైముల పరీక్షకు పనికిరాదు. పన్నెండేళ్లు వచ్చేసరికి నడక పోయే పిల్లాణ్ని ఏటా రైలెక్కించడమూ న్యాయం కాదు. బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని ఓడలకెక్కించిన ఈ ఊరే, ఉక్కు ఇక్కడే తయారవ్వాలని 1966లో పోరాడింది. కండరం నమూనాల విషయంలోనూ ఆ పట్టుదల తప్పేమీ కాదు. సీక్వెన్సింగ్ నేర్చుకోవడానికి కొన్ని నెలలు హైదరాబాద్ పంపండి. పరీక్షించడం, గడ్డకట్టించడం, కుటుంబంతో మాట్లాడటం ఇక్కడే నేర్పండి.

నయం కాని జబ్బుకు ఇంత శ్రమ దేనికన్నది ఇంకో అభ్యంతరం. స్టెరాయిడ్లు నడకను కొన్నేళ్లు నిలబెడతాయి. డుషేన్‌లో మూడింట ఒక వంతు పిల్లల్లో జన్యుమార్పు కొత్తగా పుట్టిందే. పరీక్షించి ఆ మాట చెప్పగలిగితే తల్లి మీద పడే నింద తప్పుతుంది, తర్వాతి కాన్పుకు దారీ తెలుస్తుంది. నాకు గట్టిదిగా తోచే అభ్యంతరం వేరే ఉంది. పీహెచ్‌డీ ఫెలోషిప్ ఐదేళ్లకు ముగుస్తుంది, జబ్బు గమనం పదిహేనేళ్లు సాగుతుంది. అందుకే రోగుల రిజిస్టరు, నమూనాల ఫ్రీజరు విద్యార్థి పేరు మీద కాక కాలేజీ పేరు మీద ఉండాలి. ఒకరు వెళ్లిపోయే ముందే తర్వాతివారికి వార్డు చూపించాలి.