పరదేశపు తూనీగ

డ్రోను అన్న మాటకు తెలుగులో ఏమనాలన్నది మా ఇంట్లో చాలాకాలంగా తేలని తగవు. ఆంగ్లంలో ఆ పదానికి అసలు అర్థం మగ తేనెటీగ. కానీ నాలుగు రెక్కలతో గాలిలో ఒకచోట నిలబడి, అంతలోనే పక్కకు జారి, అవసరమైతే వెనక్కి కూడా పోగలిగే ప్రాణిని మనమందరం చిన్నప్పుడే చూసి ఉన్నాం. అది తూనీగ. అందుకని నేను దాన్ని తూనీగ అనే పిలుస్తున్నాను. మా ఆవిడ మాత్రం "ఆ గోలచేసే దానికి అంత మంచి పేరెందుకండీ, కందిరీగ అనండి" అంటుంది. మా అబ్బాయికి రెండు పేర్లూ నోరు తిరగవు.

ఈ వ్యాసం మాత్రం పేరు గురించి కాదు, ఊరు గురించి. తూనీగ ఎక్కడ పుట్టిందన్న విచారణ గురించి.

నేనుండేది ఇల్లినాయ్ రాష్ట్రం నడిమిభాగాన, చుట్టూ మొక్కజొన్న, సోయా చేలున్న ఒక చిన్న ఊళ్ళో. పగలు కంప్యూటరు ఉద్యోగం. ఆరేళ్ళ క్రితం సరదాకొద్దీ ఒక చిన్న తూనీగను కొన్నాను. సరదా ముదిరి, విమానయాన శాఖవారి పరీక్షకు కూర్చున్నాను. అరవై ప్రశ్నలు, నూటికి డెబ్భై మార్కులు వస్తే గట్టెక్కినట్టు. నలభై దాటాక మళ్ళీ పుస్తకం పట్టి మేఘాల రకాలూ, గగనతలపు హద్దులూ వల్లె వేస్తుంటే పదో తరగతి పరీక్షలు గుర్తుకొచ్చాయి. ధ్రువపత్రం చేతికొచ్చాక, తప్పిపోయినవారిని వెదికే మా కౌంటీ స్వచ్ఛంద బృందంలో చేరాను. బృందమంటే పెద్దగా ఊహించుకోకండి. పది పన్నెండుమందిమి. ఒకాయన విశ్రాంత అగ్నిమాపకదళ ఉద్యోగి, ఒకామె బడి బస్సు నడుపుతుంది, ఇద్దరు రైతులు, ఒక తెలుగువాడు. చందాలు పోగుచేసి, వేడిని చూడగల కెమెరా ఉన్న తూనీగనొకదాన్ని కొన్నాము. ఐదారువేల డాలర్లయింది. అది చైనాలోని షెన్‌జెన్ నగరపు డీజేఐ సంస్థది. అప్పట్లో ఆ సంగతి ఎవరికీ పట్టలేదు. ఆ ధరకు ఆ పని చేసేది మరొకటి మాకు కనబడలేదు, అంతే.

2024 అక్టోబరులో ఒక రాత్రి పదిన్నరకు పిలుపు వచ్చింది. మతిమరుపు జబ్బున్న ఒక పెద్దాయన సాయంత్రం ఇంట్లోంచి నడిచి వెళ్ళి తిరిగి రాలేదు. బయట చలి నాలుగు డిగ్రీలు. ఒంటిమీద పలచటి చొక్కా. కోతకోయని మొక్కజొన్న చేలల్లో మనిషి కనబడడం ఎంత కష్టమో ఆ పైరు చూసినవాళ్ళకు తెలుస్తుంది. లోపల పది అడుగుల దూరంలో ఉన్నా పక్కవాడు కానరాడు. టార్చిలైట్లు పట్టుకుని కొందరు సాళ్ళ వెంట పిలుచుకుంటూ వెళ్ళారు. మేము తూనీగను లేపాము. తెరమీద చేనంతా బూడిదరంగు. రెండు జింకలు తెల్లగా మెరిసి పరుగెత్తాయి. రెండు బ్యాటరీలు అయిపోయాయి. మూడోదానిమీద, చేను అంచున ఉన్న మురుగుకాలువ గట్టు కింద, ఒక తెల్లని మచ్చ కదలకుండా కనబడింది. జింకైతే తలెత్తేది. ఇది ఎత్తలేదు.

ఆయన బతికారు. చేతులు కొయ్యబారిపోయి ఉన్నాయి, మాట రాలేదు, కానీ బతికారు. ఆ రాత్రి ఇంటికొచ్చి చాలాసేపు నిద్రపట్టక కూర్చున్నాను. ఊళ్ళో మా తాతయ్య చివరి రోజుల్లో ఇలాగే ఇల్లు వదిలి వెళ్ళిపోతుండేవాడు. అప్పుడు వెదకడానికి ఊరంతా లాంతర్లు పట్టుకుని వచ్చేది.

ఇక ప్రభుత్వపు కథ. ఇది ఒక్కరోజులో వచ్చిపడినది కాదు. 2017 ఆగస్టులో అమెరికా సైన్యం భద్రతాలోపాలు కారణంగా చూపి డీజేఐ పరికరాలను పక్కన పెట్టింది. 2020 జనవరిలో అంతరంగిక వ్యవహారాల శాఖ, అంటే ఇక్కడి అడవులూ జాతీయవనాలూ చూసే శాఖ, తన తూనీగలను నేలకు దించింది. అదే ఏడు డిసెంబరులో వాణిజ్యశాఖ ఆ సంస్థను ఆంక్షల జాబితాకెక్కించింది. అక్కడ చెప్పిన కారణం వేరు, మానవహక్కులకు సంబంధించినది. 2024 డిసెంబరులో సంతకమైన రక్షణశాఖ చట్టంలో ఒక షరతు పెట్టారు. జాతీయభద్రతా సంస్థల్లో ఏదో ఒకటి ఏడాదిలోగా ఈ పరికరాలను తనిఖీ చేసి తేల్చాలి. తేల్చకపోతే అవి వాటంతట అవే నిషిద్ధపట్టికలోకి పోతాయి. ఏడాది గడిచింది. తనిఖీ నివేదికేదీ బయటికి రాలేదు. 2025 డిసెంబరు 22న, రేడియో తరంగాలతో పనిచేసే ప్రతి పరికరానికీ అనుమతినిచ్చే ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్, ఒక్క చైనావి కాదు, విదేశాల్లో తయారైన తూనీగలన్నిటినీ ఆ పట్టికలో చేర్చింది. వాటితోపాటు కీలకమైన విడిభాగాలనూ చేర్చింది. మోటార్లు, కెమెరాలు, బ్యాటరీలు కూడా అందులో ఉన్నాయి.

నిజం నిజంగా చెప్పాలి. ఆ ఉత్తర్వువల్ల మా తూనీగ ఆకాశంనుంచి రాలి పడలేదు. అప్పటికే అనుమతి పొందిన నమూనాలను అమ్మవచ్చు, ఎగరేయవచ్చు. ఆగిపోయేది కొత్త నమూనాలకు అనుమతి. 2026 జనవరిలో, రక్షణశాఖ ఆమోదించిన జాబితాలో ఉన్నవాటికీ, స్వదేశీ భాగాల పాలు తగినంత ఉన్నవాటికీ కొంతకాలం మినహాయింపు కూడా ఇచ్చారు. కానీ తూనీగ ఆయుష్షు చిన్నది. బ్యాటరీ కొన్ని వందలసార్లు నింపితే నీరసిస్తుంది. మాది ఇప్పటికే ముసలిదైంది. అది పోయిననాడు ఏం చేయాలన్నదే మా బృందం ముందున్న ప్రశ్న. అమెరికాలో తయారైన, అదే పని చేసే పరికరానికి మాకు చెప్పిన ధర మూడింతలు దాటింది.

ప్రభుత్వం చెప్పేది వట్టి మాట అని నేను అనను. 2017లో చైనా చేసిన గూఢచార చట్టం ప్రకారం, అడిగితే సహకరించవలసిన బాధ్యత అక్కడి సంస్థలకు ఉంది. మా తెరమీద కనబడే పొలాలూ వంతెనలూ నీటిట్యాంకులూ మరొకరి తెరమీద కనబడవని నేను ప్రమాణం చేయలేను. అంతకంటే గట్టి వాదన మరొకటి ఉంది. 2024 అక్టోబరులో చైనా, స్కైడియో అనే అమెరికా తూనీగల సంస్థమీద ఆంక్షలు పెట్టి బ్యాటరీల సరఫరా ఆపింది. పాపం ఆ సంస్థ ఒక్కో తూనీగకు ఒక్కో బ్యాటరీ చొప్పున రేషను ఇవ్వవలసి వచ్చింది. పరాధీనత ఎంత ప్రమాదమో చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కరలేదు. స్వదేశంలో తయారుచేసుకోవాలన్న కోరిక తప్పు కాదు.

నా అభ్యంతరం వేరేచోట ఉంది. ఒక వస్తువు ప్రమాదకరమా కాదా అన్నది దాన్ని విప్పి చూసి తేల్చవలసిన విషయం. చూస్తామని చట్టంలో రాసుకుని, చూసిన ఫలితమేదీ జనం ముందు పెట్టకుండా, పుట్టినచోటును బట్టి తీర్పు ఇవ్వడం న్యాయమనిపించదు. చైనాదీ విదేశమే, మిత్రదేశందీ విదేశమే అన్నప్పుడు గూఢచర్యపు వాదన కూడా పలచబడుతుంది. పైగా ఈ తీర్పు ఖర్చు ఎవరు మోయాలో ఎవరూ చెప్పరు. ఫ్లోరిడాలో 2023 ఏప్రిల్ నుంచి పోలీసు, అగ్నిమాపక శాఖలు ఇటువంటి పరికరాలు వాడకూడదన్నారు. పనిచేస్తున్నవి మూలపడ్డాయి. అయితే వాటి స్థానంలో కొత్తవి కొనడానికి ఆ రాష్ట్రం రెండున్నర కోట్ల డాలర్లు కేటాయించింది. సరిపోయిందా లేదా అన్నది వేరే మాట, కనీసం లెక్క ఒకటి వేశారు. మా వంటి చందాల బృందానికి ఎవరు లెక్క వేస్తారు?

ఈ మాటలు కౌంటీ బోర్డు సమావేశంలో చెప్పమని మావాళ్ళు నన్నడిగారు. పరీక్ష రాసినవాణ్ణి, కాగితాలు చదివేవాణ్ణి అని. ఇంట్లో చెబితే మా ఆవిడ గిన్నె కింద పెట్టి, "మన పౌరసత్వం దరఖాస్తు ఇంకా వాళ్ళ బల్లమీదే ఉంది. చైనా వస్తువు కోసం గవర్నమెంటును తప్పుపట్టేది మీరేనా? ఆ అగ్నిమాపకదళం ఆయన్ని చెప్పమనండి" అంది. నాకు జవాబు తోచలేదు. ఆమె అన్నది పిరికితనం కాదు. పద్దెనిమిదేళ్ళు వీసా కాగితాలు లెక్కపెట్టుకుంటూ బతికినవాళ్ళకు వచ్చే వివేకం అది. పైగా విదేశంలో తయారైనదాని తరఫున, విదేశంలో తయారైనవాడు లేచి మాట్లాడితే వినేవాళ్ళకు ఎలా ఉంటుందో నాకు తెలియకపోలేదు.

మరో సంగతి కూడా నన్ను వెనక్కి లాగింది. 2022 ఫిబ్రవరి 9న భారత ప్రభుత్వం విదేశీ తూనీగల దిగుమతిని నిషేధించింది. రక్షణ, భద్రత, పరిశోధన అవసరాలకు మాత్రమే, అదీ అనుమతితో. తెనాలిలో ఉన్న మా తమ్ముడు ఆ ఏడు "అన్నయ్యా, వచ్చేటప్పుడు చిన్నదొకటి తెచ్చిపెట్టవా, చేను పైనుంచి చూసుకుంటాను" అని అడిగితే, "నిషేధంరా, అయినా మనవాళ్ళు తయారుచేస్తారులే, అదే మంచిది" అని గొప్పగా ఉపన్యాసం ఇచ్చాను. అప్పుడు నాకు స్వదేశీ ముద్దు. నాలుగేళ్ళు తిరిగేసరికి, నా చేతిలో ఉన్నదానికి ఎసరొచ్చాక, న్యాయం గుర్తొచ్చింది. ఈ ద్వంద్వాన్ని ఎంత తిప్పి చూసినా పూర్తిగా సమర్థించుకోలేకపోయాను. ఒక్క తేడా మాత్రం ఉంది. అక్కడ విడిభాగాల దిగుమతికి అడ్డు పెట్టలేదు, తయారీదారులకు 120 కోట్ల రూపాయల ప్రోత్సాహక పథకాన్ని అంతకుముందు ఏడే ప్రకటించారు. తరువాత 2023లో పదిహేనువేల మహిళా సంఘాలకు మందు చల్లే తూనీగలిచ్చే పథకం తెచ్చారు. అంటే తలుపు మూసినవాళ్ళు కిటికీ తెరిచారు. అయినా మా తమ్ముడి చేనును పైనుంచి చూపే చిన్న తూనీగ మాత్రం ఇంకా రాలేదు. వాడికి నేనొక క్షమాపణ బాకీ.

సమావేశం 2026 ఫిబ్రవరిలో ఒక మంగళవారం సాయంత్రం. ఒక్కొక్కరికి మూడు నిమిషాలు. నాకంటే ముందు లేచినవాడు, ఆ రాత్రి మేము వెదికిన పెద్దాయన కొడుకు. రైతు. మా పక్షాన మాట్లాడతాడనుకున్నాను. ఆయన, "వీళ్ళవల్ల మా నాన్న దొరికాడు. ఆ ఋణం తీరదు. అయినా మా పొలంమీద ఎగిరే కెమెరా చైనావాడిది కాకపోతే నాకు ఇంకా నిశ్చింతగా ఉంటుంది" అని కూర్చున్నాడు.

నేను రాసుకొచ్చిన కాగితంలో దీనికి సమాధానం లేదు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. "ఆయన భయం తప్పని నేననను. ఆ భయాన్ని పరీక్షించి తేల్చమని మాత్రం అడుగుతున్నాను. తేలేదాకా, తేలినతరువాత మారడానికీ గడువివ్వండి. తరువాతి పిలుపు వచ్చిన రాత్రి మా చేతుల్లో ఏదో ఒకటి ఉండాలి. అది ఏ దేశానిదైనా సరే, అమెరికాదైతే మరీ సంతోషం" అన్నాను. గొంతు వణికింది. ఒక సభ్యుడు, "మీరు ఇక్కడి పరిశ్రమకు వ్యతిరేకమా?" అని అడిగాడు. కాదన్నాను. "మీదే దేశం?" అని ఎవరూ అడగలేదు. అడుగుతారని నేనే రాత్రంతా జవాబు వల్లెవేసుకున్నాను.

ఇది కేంద్రప్రభుత్వపు వ్యవహారం, మా చేతుల్లో లేదు, మీ మాటలు కాంగ్రెసు సభ్యుడికి పంపుతాం అన్నారు. పంపారు కూడా. నెల తరువాత అక్కడినుంచి అందరికీ పంపే అచ్చుజవాబు నాకూ వచ్చింది.

బయటికొచ్చేసరికి వెనక వరుసలోంచి మా ఆవిడ లేచి వచ్చింది. ఎప్పుడు వచ్చి కూర్చుందో నాకు తెలియదు. కారు దగ్గర, "బాగానే చెప్పారు గాని, ధర చెప్పడం మరిచిపోయారు" అంది. అప్పుడే ఆ రైతు మా దగ్గరికొచ్చి, "అమెరికాది కొనాలంటే మీకు ఎంత తక్కువవుతుంది?" అని అడిగాడు. చెప్పాను. ఈలవేసి, కాసేపు నేలచూపు చూసి, "కొంత నేను వేస్తాను, మిగతాది నలుగురినీ అడుగుదాం" అన్నాడు. మేమిద్దరం ఇప్పటికీ ఈ విషయంలో ఏకీభవించలేదు. చందాల పుస్తకంలో మొదటి పేరు మాత్రం ఆయనదే.

చిన్నప్పుడు వర్షాకాలం వెళ్ళాక తూనీగలను పట్టి తోకకు దారం కట్టి ఎగరేసేవాళ్ళం. ఎంత దూరం పోనివ్వాలో మన చేతిలో ఉండేది. అది ఎందుకు ఎగురుతోందో, దానికేమవుతోందో ఆలోచించే వయసు కాదు. ఇప్పుడు దారం ప్రభుత్వాల చేతిలో ఉంది. దారమే వద్దని నేననను. కట్టేముందు ఒకసారి తూనీగను చేతిలోకి తీసుకుని సరిగా చూడమంటున్నాను.

పౌరసత్వం పిలుపు ఇంకా రాలేదు. మా తూనీగ రెండో బ్యాటరీ ఉబ్బింది. పేరు విషయంలో మా ఆవిడ ఇంకా కందిరీగ దగ్గరే ఉంది. మీలో ఎవరికైనా ఈ రెండింటికన్నా మంచి తెలుగు పేరు తోస్తే చెప్పండి, తగవు తీరుతుంది.