వెళ్దామా, వద్దా?

రైల్లో లైన్ క్లియర్ ఇచ్చేవారు వేరు, బండి నడిపేవారు వేరు. కళ్ళతో చూస్తూ నడిపే చిన్న విమానంలో, బయలుదేరాలా వద్దా అని తేల్చుకోవలసింది నడిపేవాడే. నేను రైల్వేలో పనిచేసినవాణ్ణి. అమెరికాలో డెన్వర్ దగ్గర మా అబ్బాయి ప్రైవేట్ పైలట్ అయ్యాక గాని ఈ తేడా తెలియలేదు.

మమ్మల్ని ప్యూబ్లోకి తీసుకెళ్తానని, ముందురోజు రాత్రే కాగితాలు పరిచాడు. మొదట అడిగింది మా బరువులు. "చీరతో కలిపా, కాకుండానా?" అంది మా ఆవిడ. "చెప్పులతో సహా చెప్పమ్మా" అన్నాడు. సెస్నా 172లో సీట్లు నాలుగున్నా, నలుగురు పెద్దవాళ్ళు, నిండుగా పెట్రోలు, పైన సామాను అంటే సాధారణంగా కుదరదు. అక్కడి సెంటెన్నియల్ విమానాశ్రయం సముద్రమట్టానికి 5,885 అడుగుల ఎత్తున ఉంది. ఎండ 30 డిగ్రీలు దాటితే గాలి పలచబడి, విమానానికి 9 వేల అడుగుల ఎత్తులో ఉన్నట్టే. ఇంజను బలం తగ్గుతుంది, రన్‌వే ఎక్కువ కావాలి. అందుకే పొద్దున్నే ప్రయాణం. మధ్యాహ్నమైతే కొండల మీంచి ఉరుముల మబ్బులు కూడా వస్తాయి.

పగటిపూట గమ్యం చేరాక ఇంకో అరగంటకు సరిపడా పెట్రోలు ఉండాలని అక్కడి నిబంధన. వీడు గంటకు ఉంచుతాడు. మీటరును నమ్మడు, రెక్క ఎక్కి పుల్ల ముంచి చూస్తాడు. అడుగు నుంచి కాస్త గ్లాసులోకి తీసి, నీలం పెట్రోలు కింద నీళ్ళు చేరాయేమో పరీక్షిస్తాడు. పెళ్ళికి నెయ్యి కొనే మా అమ్మ గుర్తొచ్చింది.

తెల్లవారి చూస్తే ఆకాశం నిర్మలం. కాని దారిలో పామర్ డివైడ్ అనే మెట్టభూమి ఉంది. తూర్పు నుంచి తేమగాలి ఆ మెట్ట ఎక్కుతూ మబ్బుగా మారి కిందికి దిగిందని వాతావరణ నివేదిక. "కాసేపే కదరా, మబ్బులోంచి దూరిపోతే?" అన్నాను. మబ్బులో ఏ పక్కకు ఒరిగామో ఒంటికి తెలియదని, పరికరాలు చూసి నడిపే అర్హత తనకింకా లేదని చెప్పాడు. 1999 జూలైలో కెనెడీ గారి అబ్బాయి, భార్యనూ వదినగారినీ ఎక్కించుకుని, రాత్రి మసకలో సముద్రం మీద దారితప్పినట్టు విమానాన్ని అదుపు తప్పించుకున్నాడు, ముగ్గురూ పోయారు. ఆయనకూ ఆ అర్హత లేదట.

ఎల్లుండే మా తిరుగు ప్రయాణం. అది తెలిసీ వాడు తాళంచెవి వెనక్కి ఇచ్చేశాడు. మా ఆవిడ మొహం చిన్నబుచ్చుకుంది, కోడలు కారు తీసింది. పులిహోర డబ్బాతో ప్యూబ్లోకి రోడ్డు మీదే వెళ్ళాం. మెట్ట మీద మబ్బు కారు అద్దాల దాకా దిగింది. ఎవ్వరం మాట్లాడలేదు.