నార్సింగి దాకా ఒక సైకిలు

ఆదివారం ఫజ్ర్ నమాజు ముగించుకొని మెహదీపట్నంలోని మా వీధి నుంచి మేము బయలుదేరేసరికి ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. మేమంటే అన్నదమ్ములమిద్దరమూ, మాలో పెద్దవాని పదిహేనేళ్ళ కుమారుడూ. సైకిళ్ళు మూడు. వాటిలో రెండు మావి. మూడవది మాది కాదు. వెనుక వెడల్పాటి క్యారియరు, దానికి రబ్బరు పట్టీలతో బిగించిన రేకుపెట్టె, హ్యాండిలుకు వేలాడే సంచీ ఉన్న పాతకాలపు నల్ల సైకిలు అది. దాని యజమాని నార్సింగిలో తన కుమార్తె ఇంట ఉన్నాడు. ఆయన సైకిలును ఆయనకు అప్పగించి రావడమే మా ప్రయాణ లక్ష్యం. లారీలోనో ఆటోలోనో వేసి పంపవచ్చు కదా అని ఇంట్లో అన్నారు. తొక్కుకుంటూనే తీసుకువెళ్ళాలని పిల్లవాడు పట్టుబట్టాడు. కారణం వాడికీ తెలుసు, మాకూ తెలుసు.

గడచిన రమజాను మాసంలో ఒక సాయంత్రం, ఇఫ్తారుకు ఇంకా ఇరవై నిమిషాలుందనగా, పండ్లు కొనడానికి మేము రోడ్డు పక్కన కారు ఆపాము. వెనుక సీటులోని పిల్లవాడు వెనుకకు చూడకుండా రోడ్డువైపు తలుపు తెరిచాడు. బ్రెడ్డు, బన్నులు, రస్కులు అమ్ముకునే ఒక పెద్దాయన సైకిలు సరిగ్గా ఆ తలుపును ఢీకొని పడిపోయింది. రేకుపెట్టె మూత ఊడి బన్నులు రోడ్డంతా దొర్లాయి. అప్పుడు మా నోటి నుంచి వచ్చిన మొదటి మాట ఇక్కడ రాయడానికి సిగ్గుగా ఉన్నా రాయక తప్పదు. "కళ్ళు కనిపించవా? చూసుకొని రావద్దా?" అన్నాము. తప్పు మాది. గద్దించింది కూడా మేమే. అదీ ఉపవాసంతో ఉండి.

ఆ పెద్దాయన తిరిగి ఏమీ అనలేదు. కుడిచేతిని పొట్టకు ఆనించుకొని, ఎడమచేత్తో బన్నులు ఏరుకోసాగాడు. కొంతసేపటికి పిల్లవానివైపు చూసి, "తలుపు తీసేముందు ఒక్కపారి యెనకకు చూడాలె బిడ్డా" అని మాత్రం అన్నాడు. ఆ సాయంత్రం ఆసుపత్రిలో తేలింది, మణికట్టు ఎముక విరిగిందని. ఇఫ్తారు మేము అక్కడి వరండాలోనే, ఆయన సంచీలో మిగిలిన బన్నుతో చేశాము. ఆయనే ఇచ్చాడు.

మా సిగ్గుకు మరో కారణం కూడా ఉంది. మా తండ్రిగారు మిర్యాలగూడలో సైకిళ్ళ మరమ్మతు దుకాణం నడిపి మమ్మల్ని చదివించారు. తెలుగునేల మీద చిన్న పట్టణాలలో ఈ పని ఎన్ని ముస్లిం కుటుంబాలకు అన్నం పెట్టిందో పాఠకులకు మేము చెప్పనక్కరలేదు. ట్యూబును నీళ్ళ బకెట్టులో ముంచి బుడగలు ఎక్కడ వస్తున్నాయో చూడటం, అక్కడ ఆకురాయితో గరుకుచేసి సొల్యూషన్ పూసి రబ్బరు ముక్క అతికించడం మాకు అక్షరాలతోపాటే వచ్చాయి. రైసుమిల్లుల హమాలీలు, పాలవాళ్ళు, బడిపంతుళ్ళు అందరూ మా అబ్బాజాన్ దుకాణం ముందు వరుసలో నిలబడేవారు. గంటకు ఇంత అని అద్దెకు తీసుకున్న సైకిలుపై సీటుకు కాళ్ళందక, కడ్డీల సందున కాలు దూర్చి ఖైంచీ తొక్కిన బాల్యం మాది. అటువంటి మేము కారు సీటులో పదేళ్ళు కూర్చునేసరికి సైకిలువాడు మా కంటికి అడ్డుగా కనిపించసాగాడు. కారు మనిషిని ఎంత త్వరగా మార్చివేస్తుందో!

సైకిలు బాగుచేయడానికి మెకానిక్కు దగ్గరకు వెళ్ళలేదు. ఇంటి మేడమీద మేమే విప్పాము. ముందుచక్రం రిమ్ము వంకర తీశాము, విరిగిన నాలుగు పుల్లలు మార్చాము, కొత్త బ్రేకు రబ్బర్లు వేశాము, ఫ్రీవీలు కడిగి నూనె పోశాము. ఇరవై ఏళ్ళ తరువాత కూడా చేతులు మరచిపోలేదు. పిల్లవాడు పానాలు అందిస్తూ కూర్చున్నాడు. వెనుక మడ్‌గార్డుకు ఎర్రని రిఫ్లెక్టరు బిగించాలన్న ఆలోచన వాడిదే.

రేతిబౌలి దగ్గరికి వచ్చేసరికి తలమీద పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే స్తంభాలు వరుసగా కనిపించాయి. మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్ల పొడవున సాగే ఆ పైవంతెన 2009లో ప్రారంభమైంది. విమానాశ్రయానికి పోయే కార్లకు అది వరం. సైకిలుకు అక్కడ ప్రవేశం లేదు. వేగంగా పోయేవాని కోసం నగరం ఆకాశంలో దారి కట్టింది. నెమ్మదిగా పోయేవాడు దాని నీడలో, ఆగిన బస్సులకూ ఆటోలకూ మధ్య సందు వెదుక్కుంటున్నాడు.

ఉదయం ఆరింటికే నానల్‌నగర్ కూడలిలో వాహనాలు పోగయ్యాయి. సైకిలు సీటు మీది నుంచి చూస్తే మనకు బాగా తెలిసిన వీధి కూడా పరాయి ఊరిలా ఉంటుంది. కారులో ఉన్నప్పుడు గుర్తించని గుంటలు, మురుగుకాలువ మూతలు, ఇసుక మేటలు ప్రతి గజానికీ ఎదురవుతాయి. సైకిలువాడు ఉన్నట్టుండి పక్కకు జరిగితే అది వాని పొగరని మేము ఇంతకాలం అనుకున్నాము. గుంట తప్పించుకుంటున్నాడని ఇప్పుడు తెలిసింది. హారన్లలో కూడా భాష ఉన్నదని అర్థమైంది. 'వస్తున్నాను, జాగ్రత్త' అనే చిన్న హారను ఒకటి. 'తప్పుకో' అనేది ఇంకొకటి. మూడవది ఏ అవసరమూ లేకుండా, పక్కకు వచ్చిన తరువాత చెవిలో మోగించేది. ఆ మూడవదే మనిషిని కిందపడేసేది.

రోడ్డు మీద ఒక విచిత్రమైన పరంపర ఉంది. లారీ బస్సును నెడుతుంది, బస్సు కారును, కారు మోటారుసైకిలును, మోటారుసైకిలు సైకిలును. అత్త మీది కోపం దుత్త మీద చూపినట్లు, ప్రతివాడూ తనకన్నా చిన్న వాహనం మీద కసి తీర్చుకుంటాడు. చిట్టచివర పాదచారి మిగులుతాడు. అతడు ఎవరిని కసురుకోవాలి?

దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లమ్) ఈ వరుసను తలకిందులు చేసిన సంగతి ఆ కూడలిలోనే మాకు గుర్తుకు వచ్చింది. వాహనంపై ఉన్నవాడు నడిచేవానికీ, నడిచేవాడు కూర్చున్నవానికీ ముందుగా సలాం చెప్పాలని ఆయన బోధించారు. బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలు రెండింటిలోనూ ఇది ఉంది. మనం దీన్ని మర్యాదల పాఠంగా పిల్లలకు నేర్పుతాము. కానీ ఎత్తున ఉన్నవాడే ముందుగా వంగాలన్న నియమమది. ఒంటె మీద ఉన్నవానికి కిందివాని నుంచి వచ్చే ప్రమాదం ఏమీ లేదు. కిందివానికి పైవాని నుంచి ఉంది. 'నా వల్ల నీకు శాంతి' అన్న హామీ ముందుగా ఎవరు ఇవ్వాలో దానినిబట్టే తెలుస్తుంది. సలాం ఉండవలసిన చోట మనం హారను పెట్టుకున్నాము.

హజ్జతుల్ విదా సందర్భంలోని మరొక సంఘటనను కూడా మేము దారిలో పిల్లవానికి చెప్పాము. అరఫాత్ నుంచి తిరిగి వస్తున్నప్పుడు వెనుక ఒంటెలను అదిలించే కేకలు, కొట్టే చప్పుడు వినిపించగా, దైవప్రవక్త (స) తన కొరడాతో సైగచేసి, ప్రజలు నిదానంగా సాగాలనీ, తొందరపాటులో పుణ్యం లేదనీ తెలియజేశారు. దారిలో జనం ఒత్తిడి ఉన్నంతసేపూ ఆయన ఒంటె మధ్యరకం నడకతో సాగేదనీ, ఖాళీ దొరికినప్పుడు వేగం పెంచేవారనీ ఉసామా (రజి) తెలియజేసిన ఉల్లేఖనం ఉంది. వేగం నిషిద్ధం కాదన్నమాట. ఖాళీ లేనిచోట వేగమే తప్పు. "అంటే ట్రాఫిక్ గురించి కూడా హదీసు ఉందా చాచా?" అని పిల్లవాడు ఆశ్చర్యపోయాడు. ఉంది. డ్రైవింగు నేర్చుకునే రోజుల్లో మాకెవరూ చెప్పలేదు.

లంగర్‌హౌజ్‌లో టీ కోసం ఆగి, కొద్దిగా దారి మళ్ళి గోల్కొండ ఫతే దర్వాజా చూసి వచ్చాము. 1687లో ఔరంగజేబు సేనలు కోటలోకి ప్రవేశించిన ద్వారం ఇదే. ఏనుగులు కుమ్మకుండా తలుపులకు ఇనుప మొలలు దిగగొట్టిన ఆ ఇరుకు ద్వారం గుండా ఈనాటికీ కార్లు, ఆటోలు, సైకిళ్ళు పోతూనే ఉన్నాయి. అక్కడ కొంతసేపు నిలబడి చూడటం వృథా కాలేదు. ఎంత పెద్ద కారైనా ద్వారం ముందు ఆగి, ఎదుటివాడు వచ్చేదాకా చూడవలసిందే. ఒక పాలక్యాన్ల సైకిలు ముందు, దాని వెనుక ఒక పొడవాటి కారు, ఓపికగా! గోడలు కదలవని తెలిస్తే మనిషికి ఓపిక దానంతట అదే వస్తుంది కాబోలు.

రామ్‌దేవ్‌గూడ దాటాక ఎండ మొదలైంది. ఇబ్రహీంబాగ్ దగ్గర గుట్టమీద తారామతి బారాదరి కమానులు కనిపించాయి. అక్కడి నుంచి గండిపేట దిశగా రోడ్డు వెడల్పయింది. వెడల్పయినకొద్దీ మాకు భయం పెరిగింది. ఇరుకు వీధిలో తిట్లు తిన్నాము, విశాలమైన రోడ్డుపై గాలిదెబ్బ తిన్నాము. ఒక కారు మోచేతికి జానెడు దూరంలో దూసుకుపోగా పిల్లవాని సైకిలు ఊగిపోయింది. వాడి ముఖం తెల్లబడింది.

చట్టం లేక కాదు. 2017నాటి మోటారు వాహనాల డ్రైవింగ్ నిబంధనలలో పాదచారులు, సైకిలు తొక్కేవారు, పిల్లలు, వృద్ధులు, వికలాంగుల పట్ల డ్రైవరు ప్రత్యేక జాగ్రత్త వహించాలని స్పష్టంగా ఉంది. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాలలో మరణించినవారు 1,68,491 మందని కేంద్ర ప్రభుత్వ నివేదిక తెలిపింది. వారిలో నాలుగు వేలకు పైబడి సైకిలు తొక్కేవారే. గాయపడిన బాటసారికి సహాయం చేసినవానిపై కేసు పెట్టకుండా రక్షణ కల్పిస్తూ 2019 సవరణలో 134-ఎ సెక్షను కూడా చేర్చారు. అయినా పడిపోయినవాని చుట్టూ ఫోనులో ఫొటోలు తీసేవారే ఎక్కువ.

న్యాయంగా మాట్లాడాలంటే సైకిలువాళ్ళందరూ అమాయకులు కారు. నార్సింగి సమీపంలో ఎదురు దిశలో, లైటు లేదు బెల్లు లేదు, చెవిలో ఫోను పెట్టుకొని వస్తున్న యువకుణ్ణి తప్పించబోయి మేమే పడబోయాము. ఖరీదైన సైకిళ్ళపై, శిరస్త్రాణాలు ధరించి, ముగ్గురు పక్కపక్కనే కబుర్లాడుతూ రోడ్డంతా ఆక్రమించిన బృందాన్నీ చూశాము. దారికి హక్కులున్నాయనీ, వాటిలో ఇతరులకు బాధ కలిగించకుండా ఉండటం ఒకటనీ దైవప్రవక్త (స) చెప్పినప్పుడు వాహనాన్నిబట్టి మినహాయింపు ఇవ్వలేదు. కానీ సైకిలువాడు తప్పుచేస్తే ముందుగా తానే చస్తాడు. కారువాడు తప్పుచేస్తే ఎదుటివాడు చస్తాడు. ఈ రెండు తప్పులనూ ఒకే త్రాసులో తూచడం మాకు సాధ్యం కాలేదు.

పెద్దాయన ఇంటి ముందే కూర్చొని ఉన్నాడు. సైకిలును చూడగానే లేచి, పలకరింపుకన్నా ముందు వెనుకచక్రం ఎత్తి తిప్పి చూశాడు. "మంచిగ తిరుగుతుంది. ఎవలు చేసిండ్రు?" అన్నాడు. మేమే చేశామని చెబితే నమ్మలేదు. మా తండ్రిగారి దుకాణం గురించి చెప్పాము. కొంతసేపు మౌనంగా ఉండి, "మరి ఆ దినం అట్లెట్ల అన్నరు సారూ?" అని అడిగాడు. ఆ ప్రశ్నకు మా దగ్గర జవాబు లేదు. క్షమించమని మాత్రం అడిగాము. రమజానులో ఆసుపత్రి వరండాలో కూడా అడిగాము గాని అప్పుడు భయంతో అడిగాము.

టీ తాగాక పిల్లవాని కోరికపై అందరమూ ఔటర్ రింగురోడ్డు పక్కనున్న సైకిలు ట్రాక్ చూడటానికి వెళ్ళాము. దక్షిణ కొరియాలోని అటువంటి దారిని చూసి రూపొందించిన ఈ మార్గం 2023 అక్టోబరు 1న ప్రారంభమైంది. మొత్తం 23 కిలోమీటర్లు. నార్సింగి నుంచి కొల్లూరు దాకా 14.5, నానక్‌రామ్‌గూడ నుంచి పోలీసు అకాడమీ దాకా 8.5. నాలుగున్నర మీటర్ల వెడల్పు, పైన ఎండ తగలకుండా 16 మెగావాట్ల విద్యుత్తునిచ్చే సౌరఫలకాల కప్పు. హారను మోతలేని ఆ నీడలో పిల్లవాడు సైకిలు వదిలి కొంతదూరం వెళ్ళి, ముఖమంతా వెలుగుతో తిరిగి వచ్చాడు. నిజంగానే హాయిగా ఉంది. ఇటువంటిది కట్టినవారిని మెచ్చుకోవలసిందే.

"నీకు నచ్చిందా తాతా?" అని వాడు అడిగాడు.

"తొవ్వ మంచిగున్నది బిడ్డా. కానీ దీని మీద బన్ను కొనేటోళ్ళు ఉండరు గద" అన్నాడు ఆయన.

ఆయన బేరాలు బస్తీలలో, టీకొట్ల ముందు, మేస్త్రీలు కూలీల కోసం చూసే అడ్డాల దగ్గర. ఈ నీడ అక్కడికి పోదు. వ్యాయామం కోసం తొక్కేవానికి దారి ఉంది. బతుకు కోసం తొక్కేవాడు పాత రోడ్డు మీదనే ఉన్నాడు. ఆయన ఈ మాటలేవీ అనలేదు, మేము అనుకున్నాము.

మళ్ళీ ఎప్పటినుంచి అమ్మకానికి పోతారని అడిగితే రేపటినుంచే అన్నాడు. కుడిచేతి పిడికిలి బిగించి చూపాడు. "మునుపటి లెక్క బిగుస్తలేదు" అన్నాడు. అప్పుడు మాకు తట్టింది, ముందుబ్రేకు కుడిచేతివైపు ఉందని. పానా తెరిచి, అక్కడే సర్వీసు రోడ్డు పక్కన కూర్చొని, ఆ చేతికి బలం అక్కరలేనంతగా దాని కడ్డీని సరిచేసి ఇచ్చాము. పని పూర్తయ్యేదాకా పిల్లవాడు రోడ్డువైపు నిలబడి, వచ్చే వాహనాలకు చేయి చూపుతూ ఉన్నాడు.

ఆయన సైకిలెక్కి ఇంటిదారి పట్టాడు. మేము అక్కడే నిలబడి చూశాము. కూడలి దగ్గర వెనుక నుంచి ఒక కారు హారను మోగిస్తూ వచ్చింది. ఆయన తొందరపడలేదు. ఇంకా పూర్తిగా చాపలేని ఆ కుడిచేతిని కొద్దిగా పక్కకు ఎత్తి, వెనుకకు ఒకసారి చూసి, మలుపు తిరిగాడు.