‘మీవాళ్లు’ వేయించరట!

మాకు కవలలు. ఇద్దరూ మగపిల్లలే. హసన్, హుసేన్ అని పేర్లు పెట్టుకున్నాం. ప్రవక్త మనవలు నిజానికి కవలలు కారు, ఏడాది తేడాతో పుట్టిన అన్నదమ్ములు. అయినా మావైపు జోడీ పిల్లలు పుడితే ముందు నోటికొచ్చేవి ఆ పేర్లే. మాకొక్కరికే కాదు. పీర్లకు మొక్కుకున్నాక బిడ్డ పుడితే ఉసేనప్ప అనీ ఉసేనమ్మ అనీ పిలుచుకునే హిందువుల ఇళ్లు ఎన్ని లేవు? అవి అందరి పేర్లని అనుకుంటూనే పెరిగాం. టీకాల గదిలో రిజిస్టరు తెరిచేదాకా అట్లాగే అనుకున్నాం.

పిల్లలు నెలలు నిండకముందే పుట్టారు. బరువు తక్కువ. ఇంత చిన్న ఒంటికి సూదులా అని మాకూ గుబులే. నెల తక్కువ పిల్లలకైనా పుట్టిన తేదీ నుంచే లెక్క, వాళ్లకే జబ్బుల భయం ఎక్కువ, ఆలస్యం చేయొద్దు అని డాక్టరమ్మ చెప్పింది. ఆరు వారాలు నిండాక వచ్చిన బుధవారం చెరొకర్ని ఎత్తుకుని ఆటో ఎక్కాం.

రిజిస్టరు రాసే ఆమె పేర్లు విని తలెత్తింది. ‘మీవాళ్లు వేయించరు కదా, మీరెట్లా వచ్చారు?’ అంది. కోపంగా అనలేదు, మెచ్చుకోలుగానే అంది. అందుకే ఇంకా లోతుగా దిగింది. మెచ్చుకోవడానికి కూడా మమ్మల్ని మావాళ్ల నుంచి విడదీయాల్సి వచ్చింది. మా వెనక వరసలో నిలబడ్డ వాళ్లనెవరినీ ‘మీరెట్లా వచ్చారు’ అని అడగలేదు.

ఆమె పనిలో వంక పెట్టేదేమీ లేదు. ఒక్కొక్కడికి నోట్లో పోలియో చుక్కలు, రోటా చుక్కలు. ఎడమ తొడకు ఐదు జబ్బుల టీకా, కుడి తొడకు న్యుమోనియా టీకా, కుడి భుజానికి పోలియో సూది. తలా మూడు చొప్పున ఆరు పోట్లు. హసన్ ఏడిస్తే ఇంకా సూది పడని హుసేన్ కూడా అందుకున్నాడు. ఏ టీకా ఎందుకో, జ్వరం వస్తే ఏం చేయాలో, మళ్లీ ఎప్పుడు రావాలో చెప్పి, కార్డులు పారేసుకోవద్దంది. అరగంట కూర్చోబెట్టి పంపింది. చేయి చల్లనిది. మాటే వేడిగా మిగిలింది.

ఆ రాత్రి ఇద్దరికీ ఒళ్లు కాలింది. ఒకర్ని పడుకోబెడితే ఇంకొకరు లేస్తారు. డాక్టరమ్మ బరువును బట్టి రాసిచ్చిన జ్వరం చుక్కలు వేసి, తెల్లారేదాకా చెరొకర్ని భుజాన వేసుకుని తిరిగాం. దాదీమా పక్కమీద కూర్చుని దువా చదివి ఊదింది. పొద్దున జ్వరం దిగాక, ‘ఇంక చాలు బేటా, ఈ ఒక్కసారితో ఆపండి’ అంది.

దాదీమా చేతిమీద చిన్నప్పటి టీకా మచ్చలు రెండున్నాయి. మశూచి టీకాలవాళ్లు ఊళ్లోకొస్తే పిల్లల్ని గాదెల వెనక, గడ్డివాముల వెనక దాచేవాళ్లని తనే కథలుగా చెప్తుంది. దాచింది మావాళ్లొక్కరే కాదు, ఊరంతా. అమ్మవారికి కోపం వస్తుందని కొందరు, సర్కారోళ్లు ఏం చేస్తారోనని కొందరు. అట్లా దాచిన ఊళ్ల నుంచే మశూచి పోయింది. 1980లో ప్రపంచం మొత్తం మీదే లేదని ప్రకటించారు. అప్పుడు దాచుకున్న హిందువుల్ని ఇవాళ ఎవరూ ‘మీవాళ్లు’ అని అడగరు. వాళ్ల భయం పాతకాలపు అమాయకత్వం కింద జమ. మా భయం మాత్రం మతం కింద జమ.

దాదీమాది ఉత్త భయం కాదు. ఎమర్జెన్సీ జ్ఞాపకం. 1976 నవంబరులో హర్యానాలోని ఉటావర్ అనే మేవ్ ముస్లింల ఊరిని పోలీసులు చుట్టుముట్టి మగవాళ్లను పట్టుకెళ్లి బలవంతంగా ఆపరేషన్లు చేయించారు. ఆ ఊరి పేరు దాదీమాకు తెలియదు. ఆ కబురు మాత్రం పేరు పోగొట్టుకుని మా గల్లీదాకా వచ్చింది. పోలియో చుక్కలు వేసుకుంటే పిల్లలు పుట్టరన్న పుకారు ఆ మంట మీదే రాజుకుంది. 2017లో మన రెండు రాష్ట్రాల్లో బడి పిల్లలకు తట్టు, రుబెల్లా టీకాలు వేసినప్పుడు అదే పుకారు ఫోన్లలోకెక్కింది. పుకారు అబద్ధం. దాన్ని నమ్మించిన గాయం అబద్ధం కాదు.

టీకా వేయించని ఇళ్లు మాలో లేవని మేం అనం. ఉన్నాయి. కూలి పోతుందని రాని తల్లులున్నారు. తోడు లేక గడప దాటలేని కోడళ్లున్నారు. ఒకసారి కసిరించుకుని మళ్లీ ఆ మెట్లు ఎక్కనివాళ్లున్నారు. వాళ్లకు జవాబు వెక్కిరింత కాదు.

జవాబేమిటో పోలియో చెప్పింది. పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లో జబ్బు పడ్డవాళ్లలో చాలామంది మా పిల్లలే. నింద మొత్తం మా గడ్డాల మీద పడింది. కానీ చాలాసార్లు చుక్కలు వేసుకున్న పిల్లలకూ అక్కడ పోలియో వచ్చింది. కిక్కిరిసిన బస్తీలు, తెరిచిన మోరీలు, ఆగని విరేచనాలు, వాటివల్ల చుక్కలే సరిగా పట్టలేదు. పనికొచ్చే కొత్త చుక్కలు వచ్చాయి. ఇమాములు మసీదు మైకుల్లో చెప్పారు. అలీగఢ్, జామియా మిలియా విశ్వవిద్యాలయాల వాళ్లు కదిలారు. ఆ గల్లీల ఆడవాళ్లే ఇల్లిల్లూ తిరిగారు. దేశంలో 2009లో 741 పోలియో కేసులు, 2010లో 42, 2011లో ఒక్కటి. ఆ తర్వాత సహజ పోలియో లేదు. 2014 మార్చిలో ధ్రువపత్రం వచ్చింది. పోలియో పోగొట్టిన ఘనతలో మాకు వాటా ఉంది. ఎవరైనా లెక్క రాశారా?

లెక్క రాయకపోగా, 2020లో కరోనా వస్తే దానికి మా టోపీ తొడిగారు. తబ్లీగీల పేరుతో కూరగాయలమ్మే మావాళ్లను వీధుల్లోకి రానివ్వలేదు. విదేశీ తబ్లీగీలను బలిపశువుల్ని చేశారని ఆ ఆగస్టులోనే బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ బెంచి అంది. తీర్పు పేపర్లో ఒక మూలకు వచ్చింది. నింద అన్ని పేజీల్లోనూ వచ్చింది.

తట్టు వేరు, మశూచి వేరు అని విడమర్చి పుస్తకం రాసిన తొలి వైద్యుల్లో అల్ రాజీ ఒకడు. ఆయన 925లో చనిపోయాడు. ఈ సంగతి దాదీమాకు మేం చెప్పాం, గొప్పకోసం కాదు. సూది ఎవరో పరాయివాళ్లు మన మీదికి తెచ్చింది కాదు, ఆ విద్యలో మన ముత్తాతల చేయి కూడా ఉందని. దాదీమా చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ‘పదో వారం ఎప్పుడు?’ అంది.

పదో వారం, పద్నాలుగో వారం, తొమ్మిదో నెల తట్టు టీకా అయ్యాయి. దాదీమా మాతోనే వస్తోంది, ఒక పిల్లవాడు ఆమె చంకలోనే. వచ్చేటప్పుడు గల్లీలో ఒక కోడల్ని వెంటబెట్టుకుంటోంది. ఒకసారి ఇద్దర్ని.

రిజిస్టరు రాసే చెల్లెళ్లకూ చదివే మిత్రులకూ మేం చెప్పేదొకటే. మా పేర్లు చూసి మేం రామని ముందే రాసిపెట్టకండి. వచ్చినప్పుడు ఆశ్చర్యపోకండి. రానివాళ్లుంటే ఎందుకు రాలేదో వాళ్ల గడప దగ్గరికి వెళ్లి అడగండి. మేమూ వెంట వస్తాం. పదహారు నెలలకు మళ్లీ టీకాలున్నాయి. రెండు కార్డులూ భద్రంగా ఉన్నాయి.