పడ్డవాడెప్పుడూ చెడ్డవాడు కాడు

సియాటిల్ చుట్టుపక్కల ఉండే మన తెలుగువాళ్ళకి మంచుకొండతో ఉన్న అనుబంధం ఎలాంటిదంటే... పొద్దున్నే 5 గంటలకి లేచి, పులిహోర కలిపి, ఫ్లాస్కులో టీ పోసుకుని, పిల్లల్ని కారులో కుక్కి, ఐ-90 మీద 50 మైళ్ళు తూర్పుగా పోయి స్నోక్వాల్మీ పాస్ చేరతాం. పిల్లల్ని స్కీయింగు క్లాసులో అప్పజెప్తాం. ఆ తర్వాత లాడ్జిలో కిటికీ పక్క బల్ల ఒకటి ఆక్రమించి, సాయంత్రం దాకా గ్రీన్ కార్డులూ ఇళ్ళ ధరలూ మాట్లాడుకుంటాం. మధ్యమధ్యలో అద్దంలోంచి చూసి, "అదిగో, ఆ నీలం జాకెట్టు మావాడే" అని మురిసిపోతాం. నాలుగేళ్ళు నేనూ అదే చేశాను.

పోయిన చలికాలం మా అమ్మాయి అడిగేసింది. "నాన్నా, నువ్వెందుకు రావు? భయమా?"

"భయం కాదమ్మా, నడుం నొప్పి."

"లాస్ట్ ఇయర్ మోకాలు అన్నావుగా!"

తొమ్మిదేళ్ళ పిల్లకి ఇంత జ్ఞాపకశక్తి అవసరమా? మా ఆవిడ అటు తిరిగి నవ్వుకుంది. ఆ తర్వాతి శనివారానికి క్లాసు బుక్ చేసేశాను. అది కూడా స్కీయింగు కాదు, స్నోబోర్డు. నిజం చెప్పాలంటే, స్కీయింగు అయితే మా అమ్మాయితో పోలిక వస్తుంది, అందుకని :-)

ఆ శుక్రవారం రాత్రి ఆఫీసు పని ఒకటి సగం రాసి పక్కన పెట్టాను. దాని సంగతి తర్వాత చెప్తాను.

అసలీ ఆట వయసు పెద్దదేం కాదు. 1965లో మిషిగన్ రాష్ట్రంలో షెర్మన్ పాపెన్ అనే ఆయన తన పిల్లలు ఆడుకోవడానికి రెండు స్కీలని పక్కపక్కన బిగించి ఇచ్చాడట. అది ఆ వీధి పిల్లలందరికీ నచ్చేసింది. 1977లో జేక్ బర్టన్ వెర్మాంటులో బోర్డులు తయారుచేసే కంపెనీ పెట్టాడు. 1998 నగానో ఒలింపిక్స్ నాటికి పతకాలిచ్చే ఆట అయింది. ఇప్పటికీ ఈ దేశంలో స్కీలకే తప్ప బోర్డులకి ప్రవేశం లేని కొండలు ఆల్టా, డీర్ వ్యాలీ, మ్యాడ్ రివర్ గ్లెన్ అని మూడున్నాయి. మడి, ఆచారం మనకే ఉన్నాయనుకుంటాం గానీ...

సరే, విషయానికొస్తే, బోర్డు అద్దెకిచ్చే చోట ఒక ప్రశ్న అడుగుతారు. ఏ కాలు ముందు? తెలీదన్నాను. క్లాసులో పాఠం చెప్పే కుర్రాడు వెనకనించి మెల్లిగా తోశాడు. తూలి కుడికాలు ముందుకేశాను. అయితే నువ్వు "గూఫీ" అన్నాడు. ఎడమకాలు ముందుంటే "రెగ్యులర్" అట. కుడికాలు ముందు పెట్టి రమ్మని కొత్తకోడళ్ళకి చెప్పే జాతి మనది. ఇక్కడేమో దానికి పెట్టిన పేరు ఇది! ఆ కుర్రాడికి మహా అయితే 20 ఏళ్ళుంటాయి. నాకు 41.

మొదటి గంట మొత్తం పడడమే. ఎందుకు పడతామో చెప్తాను, ఇంజనీర్లు కదా, కారణం తెలిస్తే మీకు కాస్త ఊరటగా ఉంటుంది. బోర్డుకి రెండంచులు. మడమల వైపొకటి, వేళ్ళ వైపొకటి. వాలుకి అడ్డంగా నిలబడ్డప్పుడు ఎప్పుడూ కొండపై వైపు అంచే మంచులో దిగి ఉండాలి. ఒక్క క్షణం ఏమరుపాటున కింది వైపు అంచు మంచుకి తగిలిందా, బోర్డు అక్కడికక్కడే ఆగిపోతుంది. మనం మాత్రం ఆగం. ఊరు చూస్తున్నప్పుడైతే ముఖం, కొండ చూస్తున్నప్పుడైతే వీపూ తలా మంచుకి కొట్టుకుంటాయి. అందుకే హెల్మెట్టు. పైగా మా వైపు మంచు పొడిపొడిగా ఉండదు. నీరు పట్టి బరువుగా ఉంటుంది. ఇక్కడివాళ్ళు దాన్ని "కాస్కేడ్ కాంక్రీటు" అంటారు. పేరు ఊరికే పెట్టలేదని నా నడుముకి తెలుసు.

ఇంకొక ముఖ్యమైన సంగతి. పడేటప్పుడు చెయ్యి చాచి ఆపుకోవడం మనిషి సహజ గుణం. కొత్తగా నేర్చుకునేవాళ్ళలో ఎక్కువగా దెబ్బతినేది అందుకే మణికట్టు. మణికట్టుతో బతికే వృత్తి మనది. కాబట్టి గట్టి పట్టీలు తొడుక్కోండి. పిడికిలి బిగించి, వీలైతే ముంజేతుల మీద పడండి.

చిన్నప్పుడు మా ఊళ్ళో గంటకి అర్ధరూపాయి అద్దె సైకిలు తెచ్చుకుని, సీటందక ఫ్రేము మధ్యలోంచి కాలు దూర్చి తొక్కేవాణ్ణి. ఆ మోకాలి మచ్చ ఇంకా ఉంది. అప్పుడు సిగ్గెందుకు లేదో, ఇప్పుడెందుకుందో ఆలోచించాను. అప్పుడు నేనెవర్నీ కాదు. ఇప్పుడు "ఆయన్నడుగు, ఆయనకి తెలుసు" అని పదిమంది చూపించే మనిషిని. 18 ఏళ్ళుగా నాకేదీ రాదని ఎవరి ముందూ బయటపడలేదు. పక్కనించి ఆరేళ్ళ పిల్లలు తూనీగల్లా పోతుంటే, నేను వెల్లకిలా పడ్డ తాబేలులా ఉన్నాను.

మడమల మీద జారడం వచ్చింది. ఆకు రాలినట్టు అటూ ఇటూ ఊగుతూ దిగడమూ వచ్చింది. మలుపు మాత్రం రాలేదు. ఒక అంచు మీదనించి ఇంకో అంచు మీదకి మారాలంటే, మధ్యలో ఒకటి రెండు క్షణాలు బోర్డు తిన్నగా పల్లానికేసి చూస్తుంది. వేగం పెరుగుతుంది. భయమేసి వెనక్కి వాలతాం. వెనక్కి వాలితే ముందుకాలు తేలిపోతుంది, తిప్పాల్సింది ఆ ముందుకాలే కాబట్టి బోర్డు మాట వినదు. అంటే దేనికి భయపడి వెనక్కి వాలుతున్నామో, వాలడం వల్లే అది జరుగుతుంది. బరువు పల్లం వైపు వెయ్యాలి.

ఈ ముక్క ఆ కుర్రాడు నాకు కనీసం పదిహేనుసార్లు చెప్పుంటాడు. "ముందుకాలు మీద బరువు." పడ్డాను. "ఇంకోసారి. ముందుకాలు." పడ్డాను. పన్నెండోసారి చెప్పినప్పుడు కూడా గొంతు మొదటిసారి చెప్పినట్టే ఉంది. సిగ్గుతో నేనే అన్నాను, "ఇదంతా నువ్వు ముందే చెప్పావు, సారీ" అని. "చెప్తే వచ్చేదైతే నా ఉద్యోగం ఉండదుగా" అని నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు. శుక్రవారం రాత్రి సగం రాసిన కాగితం గుర్తొచ్చింది.

మా టీములో ఒక కుర్రాడున్నాడు. మనవాడే, ఎమ్మెస్ అవగానే చేరాడు. నన్ను "అన్నా" అంటాడు. చేరిన కొత్తలో బిల్డు గురించి ఏదో అడిగాడు. "వికీలో ఉంది, చూడు" అన్నాను. మళ్ళీ అడిగాడు. మూడోసారి అడిగినప్పుడు, "ఇది ఇంతకుముందే చెప్పాను కదా" అని టీమంతా చూసే చాట్లో రాశాను. కోపంగా కాదు, మామూలుగానే. ఆ తర్వాత అడగడం మానేశాడు. దారిలో పడ్డాడని సంతోషించాను కూడా. డిసెంబర్లో తెలిసింది, ఒక చిన్న పర్మిషన్ సెట్టింగు దగ్గర రెండు వారాలు ఇరుక్కుపోయాడని. నాకు చూపిస్తే 20 నిమిషాల పని. రిలీజు వెనకబడింది. మేనేజరు అతని పనితీరు మీద నా అభిప్రాయం రాసిమ్మన్నాడు. "నిదానం. ఇబ్బంది ఉన్నా చెప్పడు" అని రాసి పెట్టాను. ఆ కుర్రాడు ఓపీటీ మీద ఉన్నాడు. ఉద్యోగం పోతే, ఖాళీగా ఉండగలిగేది మొత్తమ్మీద 90 రోజులు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే రాశాను.

రాసిన దాంట్లో అబద్ధమేమీ లేదు. ఎందుకు చెప్పడో మాత్రం రాయలేదు.

ఆ సాయంత్రం రెండు మలుపులు కలిపి తిప్పగలిగాను. మూడోదానికి పడ్డాను. మా అమ్మాయి లాడ్జి బయట నిలబడి చప్పట్లు కొట్టింది.

సోమవారం కుర్చీలో కూర్చోవడమే ఒక ప్రహసనం. ఎలాగో కూర్చుని ఆ కాగితం మళ్ళీ రాశాను. అతని పని నిదానంగా ఉన్న మాట అలాగే ఉంచాను. అడిగినప్పుడు నేనిచ్చిన జవాబులు కూడా రాశాను. మేనేజరు చదివి, "ఇది నీ మీదే రాసుకున్నట్టుందే" అన్నాడు. కొంతవరకు అవునన్నాను. ఆ కుర్రాణ్ణి కాఫీకి తీసుకెళ్ళి, "తప్పు నాది కూడా" అని చెప్పాను. "అయ్యో, అదేం లేదన్నా" అన్నాడు. నమ్మలేదని మొహం చూస్తే తెలిసింది. నమ్మడానికి నేనేం చేశాను గనక?

మూడు రోజుల తర్వాత లాప్‌టాప్ పట్టుకుని నా దగ్గరికొచ్చాడు. అడిగింది వికీలో ఉన్నదే. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది. ఆపుకుని, పద చూద్దాం అని ఆ పేజీ తెరిచాను. అందులో ఉన్నదంతా పాత పద్ధతి, ఇప్పుడు పనిచెయ్యదు. రాసిన మహానుభావుడెవరా అని చూస్తే, మూడేళ్ళ క్రితం నేనే!

ఇప్పటికి ఐదుసార్లు కొండకి వెళ్ళొచ్చాను. ఆకుపచ్చ గుర్తున్న తేలిక వాలులు మెల్లిగా దిగుతున్నాను. లిఫ్టు దిగేటప్పుడు మాత్రం ఇప్పటికీ పడుతున్నాను. ఒకసారైతే పక్కనున్న ఇద్దర్ని కూడా కలుపుకుని పడ్డాను. పాపం, లిఫ్టు ఆపారు.

మీలో ఎవరైనా ఏడాదికొకసారైనా బొత్తిగా రాని పని ఏదో ఒకటి, చెప్పేవాడి ఎదుట నిలబడి నేర్చుకోండి. ఈతో, వీణో, ఏదైనా సరే. స్నోబోర్డే అయితే మణికట్టు పట్టీలు మర్చిపోకండి. లాడ్జిలో పులిహోర ఎక్కడికీ పోదు.